శ్రీహరికోట: ఆకాశానికి లెక్క ఉంది, నేలకు లేదు

రాకెట్ల దీవి మీద 4,608 చిన్న యాంటెన్నాలు కలిసి వందల కిలోమీటర్ల దూరంలోని ఇనుప ముక్కను సైతం పసిగడతాయి. అదే దీవిలో తరతరాలుగా బతికిన మనుషుల జాడ మాత్రం కలెక్టరాఫీసు కాగితాల్లోనే వెతుక్కోవాలి

చెన్నై నుంచి లోకల్ రైలెక్కితే ఆఖరి స్టేషన్ సూళ్లూరుపేట. కాళంగి నది ఒడ్డున ఉన్న ఈ చిన్న పట్టణానికి పెద్ద దిక్కు చెంగాళమ్మ. రాకెట్ ఎగిరే ముందు ఇస్రో అధిపతులు సైతం ఈ గుడికొచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్తారు. బజారులో హోటళ్ల పేర్లలో, గోడల మీది బొమ్మల్లో రాకెట్లు కనిపిస్తాయి. పక్కనే రాజహంసల బొమ్మలూ ఉంటాయి. ఊరికి ఆ రెండే గుర్తులు. ఒకటి అప్పుడప్పుడూ పైకి వెళ్తుంది, ఇంకొకటి ఏటా చలికాలంలో కిందికి దిగుతుంది.

పట్టణం దాటి తూర్పుకు తిరిగితే పులికాట్ సరస్సు మొదలవుతుంది. ఒడిశాలోని చిలకా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లో, కొంత తమిళనాడులో ఉంటుంది. దాని మీదుగా దాదాపు 18 కిలోమీటర్ల రోడ్డు శ్రీహరికోట దాకా సాగుతుంది. వర్షాలు బాగా పడిన ఏడాది అయితే రోడ్డుకు రెండువైపులా నీళ్లే. నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య ఆ నీళ్లలో గులాబీ రంగు గీత గీసినట్టు రాజహంసలు బారులు తీరి నిలబడతాయి. మెడలు వంచి, ముక్కులు తలకిందులుగా బురదలో పెట్టి, మేత జల్లెడ పట్టుకుంటాయి. వేసవిలో వస్తే అదే చోట నెర్రెలిచ్చిన బురద, తెల్లటి ఉప్పు పొర తప్ప మరేమీ కనబడదు.

ఈ రోడ్డును మెచ్చుకోకుండా ఉండలేం. అయితే దీని వెనక ఒక తగాదా కూడా ఉంది. దీవికి దారి కోసం వేసిన కట్ట సరస్సును అడ్డంగా రెండు ముక్కలు చేసింది. నీళ్లు ఇటునుంచి అటు స్వేచ్ఛగా పారడం లేదని, ఉత్తర భాగం త్వరగా ఎండిపోతోందని పర్యావరణవేత్తలు ఎంతో కాలంగా చెబుతున్నారు. దానికి తోడు రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర సముద్ర ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయాయి. సముద్రపు నీరు రాకపోతే రొయ్య, చేప పిల్లలూ రావు. ముఖద్వారాల్లో పూడిక తీయించమని మత్స్యకారులు అడగని ప్రభుత్వం లేదు.

సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగిన పొడవాటి ఇసుక దిబ్బే శ్రీహరికోట. ఇక్కడ ఒకప్పుడు అర కోటి లింగాలు ఉండేవని, 'అరకోటి' కాస్తా హరికోట అయిందని స్థానికులు కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా, 1960ల చివర్లో విక్రమ్ సారాభాయ్ బృందం కంట పడింది ఈ దీవి ఆకారమే. తిరువనంతపురం దగ్గరి తుంబా నుంచి చిన్న రాకెట్లు అప్పటికే ఎగురుతున్నాయి. కానీ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాలంటే రాకెట్ తూర్పు వైపు ఎగరాలి. అప్పుడే భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం కొంత కలిసొస్తుంది. విఫలమైతే శకలాలు ఊళ్ల మీద కాకుండా సముద్రంలో పడాలి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండాలి, జనం తక్కువగా ఉండాలి. ఈ షరతులన్నింటికీ సరిపోయే చోటు కోసం తూర్పు తీరమంతా గాలించిన వారిలో సారాభాయ్ సహచరుడు ఇ.వి. చిట్నిస్ ఒకరు. 1969లో శ్రీహరికోట ఖరారైంది. 1971 అక్టోబరు 9న ఆర్‌హెచ్-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్ ఇక్కడి నుంచి తొలిసారి ఎగిరింది. మరో మూడు నెలలు తిరక్కముందే, అదే ఏడాది డిసెంబరు 30న సారాభాయ్ కన్నుమూశారు.

ఆ తర్వాతి కథ బడిపిల్లలకు కూడా తెలుసు. 1979లో ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం సముద్రం పాలైంది. 1980 జులై 18న రెండోది రోహిణిని కక్ష్యలో పెట్టింది. 2002లో ఈ కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. 2008లో చంద్రయాన్-1, 2013లో మంగళయాన్, 2023 జులై 14న చంద్రయాన్-3 ఇక్కడి నుంచే వెళ్లాయి. 2025 జనవరి 29న జీఎస్ఎల్‌వీ-ఎఫ్15తో నూరో ప్రయోగం పూర్తయింది.

'జనం తక్కువ' అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. తక్కువంటే లేనట్టు కాదు. ఈ తీరానికి జ్ఞాపకాలూ తక్కువేం కాదు.

సరస్సు దక్షిణ కొసన, తమిళనాడు వైపున్న పులికాట్ అనే ఊళ్లో డచ్చి వాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. కోట పోయింది కానీ డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. పుర్రెలు, ఎముకలు చెక్కిన ఆ రాళ్లను చూడ్డానికి పర్యాటకులు వస్తుంటారు. 17వ శతాబ్దంలో కరవులొచ్చినప్పుడల్లా ఈ రేవు నుంచి వేలమంది బానిసలను జావా దీవిలోని బటావియాకు ఎక్కించారన్నది మాత్రం ఆ సమాధుల మీద రాసిలేదు. ఉత్తరాన దుగరాజపట్నం దగ్గర 1626 ప్రాంతంలో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఒక స్థావరం పెట్టింది. ఆర్మగాన్ అని దాని పేరు. అక్కడ వ్యాపారం సాగక ఫ్రాన్సిస్ డే దక్షిణానికి పోయి 1639లో ఒక ఇసుక తీరాన్ని కౌలుకు సంపాదించాడు. అదే మద్రాసు. అంటే మద్రాసు మహానగరం కన్నా ముందు పుట్టిన స్థావరం ఇప్పుడొక మత్స్యకారుల పల్లె. 2014 రాష్ట్ర విభజన చట్టంలో అదే దుగరాజపట్నానికి భారీ ఓడరేవును ప్రస్తావించారు. రాకెట్ కేంద్రం పక్కన రేవు భద్రతకు ముప్పన్న అభ్యంతరాలతో అది మూలనపడింది.

ఇక దీవి సంగతి. 1835లో కంపెనీ సర్కారు శ్రీహరికోటను నేరుగా తన చేతిలోకి తీసుకుంది. అడవిలో దానికి కనిపించింది యానాదులు. తెలుగు మాట్లాడే గిరిజనులు. ఏ ఆకు ఏ రోగానికో, ఏ పుట్టలో ఏ పాముందో, ఏ దుంప ఎక్కడ ఊరుతుందో తెలిసినవాళ్లు. సర్కారుకు ఆ తెలివి అక్కరకొచ్చింది. తేనె, మైనం, పేము, వంటచెరకు అడవి నుంచి తెచ్చి అప్పజెప్పాలి. బదులుగా ధాన్యం కొలిచిస్తారు. తరతరాలుగా తమదైన అడవిలో ఏరుకున్నది సర్కారుకు జమకట్టి, కూలిగా గింజలు తీసుకునే ఏర్పాటు అది. మద్రాసు వంటిళ్లలో మండిన కట్టెలు చాలా వరకు ఈ తీరంలోని అడవులవే. 1877-78 నాటి మహాకరవులో పనికి ఆహారంలాంటి పథకం కింద తవ్వి కలిపిన బకింగ్‌హామ్ కాలువ పులికాట్ మీదుగా పోతుంది. కట్టెల పడవలకు అది రాచబాట అయింది.

ఇదే కాలంలో ఇంకొక దీవికి తెలుగు వాళ్లను ఓడలెక్కించారు. 1834లో మారిషస్‌లో ఒప్పంద కూలీల వ్యవస్థ మొదలైంది. శ్రీహరికోట కంపెనీ చేతికి రావడానికి సరిగ్గా ఏడాది ముందు. గోదావరి తీరంలోని కోరంగి రేవు నుంచి వెళ్లినందువల్ల అక్కడి తెలుగు వాళ్లకు కోరంగివాళ్లన్న పేరొచ్చింది. చెరకు తోటల్లో వాళ్లు పడిన కష్టం చిన్నది కాదు. కానీ ఆ వ్యవస్థ ఒక పని చేసింది. కూలీ దిగగానే పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు చిట్టాలో రాసుకుంది. తర్వాత ఫొటోలూ తీసింది. ఆ చిట్టాలు ఇవాళ మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మారిషస్ తెలుగు యువకుడు తన ముత్తాత తండ్రి పేరు వెతుక్కోగలడు. ఆ చిట్టాల్లోంచి, ఆ పాత ఫొటోల్లోంచి కథలూ, బొమ్మలూ అల్లుకోగలడు.

శ్రీహరికోట యానాదికి అలాంటి చిట్టా లేదు. అతని గురించి రాసిందంతా ఇతరులే. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్, తన సహాయకుడు కె. రంగాచారితో కలిసి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణాది కులాలు, తెగల గ్రంథంలో యానాదుల మీద పెద్ద అధ్యాయమే ఉంది. శ్రీహరికోట ముచ్చట్లూ ఉన్నాయి. అయితే థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలబద్దతో కొలిచి అంకెలు రాసుకున్న మనిషి. నెల్లూరు వైపు యానాదుల సంఘం కోసం జీవితమంతా ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో రాసిన పుస్తకంలో మాత్రం వాళ్లు కొలతలుగా కాక మనుషులుగా కనిపిస్తారు. ఆ తర్వాత ఏడేళ్లకే దీవి రాకెట్ల పాలయింది.

భూసేకరణతో దీవిలోని పల్లెల వాళ్లు సరస్సు ఇవతలికి తరలారు. కొన్ని యానాది కుటుంబాలు అక్కడే ఉండిపోయి కేంద్రంలో కూలి పనుల్లో కుదురుకున్నాయి. మొదట సర్కారు కట్టెల కోసం, తర్వాత సర్కారు రాకెట్ల కోసం వాళ్లు తమ అడవిలోనే పరాయి పని చేశారు. దేశం కొత్తగా కట్టిన ఊళ్లన్నిటికీ ఇలాంటి రెండు ముఖాలున్నాయి. 1950లలో ఉక్కు కర్మాగారం కోసం భిలాయికి పోయిన తెలుగు వాళ్లు అక్కడ బడులు, గుళ్లు, సంఘాలు పెట్టుకుని స్థిరపడ్డారు. అది ఊరు దొరికిన కథ. శ్రీహరికోటది ఊరు వదిలిన కథ. రెండూ అభివృద్ధి పద్దులోనే పడతాయి. ఒక్కటే పుస్తకాలకెక్కుతుంది.

ఇప్పుడు దీవిలోని ఆ రాడార్ దగ్గరికి వద్దాం. 2015లో ఇక్కడ మల్టీ ఆబ్జెక్ట్ ట్రాకింగ్ రాడార్ పనిచేయడం మొదలుపెట్టింది. ముద్దుగా మోటార్ అంటారు. అంతకు ముందున్న గిన్నె ఆకారపు రాడార్లు ఒకసారి ఒక వస్తువునే వెంబడించగలవు. మోటార్ ఏకకాలంలో పదింటిని పట్టుకుంటుంది. దాని ముఖం గిన్నెలా కాక పెద్ద పలకలా ఉంటుంది. పలక నిండా 4,608 చిన్న యాంటెన్నా మూలకాలు. దీన్నే ఫేజ్డ్ అరే అంటారు.

ఇదెలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే దీవి ఒడ్డున పెద్దవల లాగే మత్స్యకారులను చూస్తే చాలు. 'ఐలేసా' అన్న కేకకు అందరూ ఒక్క క్షణంలో లాగితే వల నేరుగా వస్తుంది. ఒక కొసన వాళ్లు ముందు, తర్వాతి వాళ్లు కొంచెం ఆగి, ఆ తర్వాతి వాళ్లు ఇంకొంచెం ఆగి లాగితే వల పక్కకు తిరుగుతుంది. మనుషులు నిలుచున్న చోటు మారలేదు. మారింది సమయం. ఫేజ్డ్ అరేలోనూ అంతే. మూలకాలన్నీ ఒకేసారి తరంగాన్ని వదిలితే కిరణం నిటారుగా పోతుంది. ఒక్కో మూలకానికి కాస్త కాస్త ఆలస్యం చేర్చుకుంటూ పోతే కిరణం పక్కకు వంగుతుంది. ఇనుప గిన్నెను మోటార్లతో తిప్పే పని లేదు కనుక ఈ మలుపు క్షణంలో వెయ్యోవంతుకన్నా తక్కువ కాలంలో జరిగిపోతుంది. అందుకే ఒక రాడార్ పది వస్తువులను వంతులవారీగా చూస్తూ, అన్నిటినీ ఒకేసారి చూసినంత పని చేస్తుంది.

ఇదంతా దేనికంటే, ఆకాశం ఇప్పుడు ఖాళీగా లేదు. పాత రాకెట్ల ముక్కలు, చచ్చిన ఉపగ్రహాలు సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాయి. 2023లో చంద్రయాన్-3 ప్రయోగాన్ని 4 సెకన్లు ఆలస్యం చేయాల్సొచ్చింది. ముందు అనుకున్న క్షణానికే వదిలితే కక్ష్యలో ఏదో శకలం దగ్గరగా వచ్చే ప్రమాదం ఉందని లెక్క తేలింది. అదే నెలలో పీఎస్ఎల్‌వీ-సీ56ను ఒక నిమిషం ఆపారు. పైన తిరిగే పెద్ద ముక్కలకు నంబరు, చిరునామా, రాకపోకల వేళలు ఉన్నాయి కాబట్టే ఇది సాధ్యమైంది.

ఇన్ని మూలకాలు నిజంగా ఒక్క మాట మీద ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు చక్కటి జవాబు శ్రీహరికోటలో కాక, తిరుపతి దాటాక చిత్తూరు దారిలోని గాదంకిలో ఉంది. సూళ్లూరుపేట నుంచి తిరుపతి మీదుగా మూడు గంటల ప్రయాణం. కొండల మధ్య గిన్నెలాంటి లోయలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంటుంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1990ల తొలినాళ్లలో సిద్ధమైంది. 130 మీటర్ల చదరపు మైదానంలో 32 వరసలు, వరసకు 32 చొప్పున 1,024 యాగీ యాంటెన్నాలు. పాతకాలం ఇళ్ల మీది టీవీ యాంటెన్నాలను నిలువుగా ఆకాశంకేసి తిప్పి నాటినట్టు ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఇనుప చేను. ఇది 53 మెగాహెర్ట్జ్ తరంగాలను నేరుగా పైకి పంపి, గాలిలోని సుడుల నుంచి తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని వింటుంది. మేఘం లేకపోయినా, వాన లేకపోయినా పై గాలుల వేగం, దిశ చెబుతుంది.

ఇంత పెద్ద చేనును ప్రయోగశాల గదిలో పెట్టి పరీక్షించడం కుదరదు. పైన ఎక్కడో, దూరం తెలిసిన చోట, ఎప్పుడూ ఒకేలా పలికే దీపం కావాలి. రాడార్‌ను నిర్మించిన ముంబయిలోని సమీర్ సంస్థ ఇంజినీర్లు ఆ దీపాన్ని కన్యారాశిలో వెతికారు. విర్గో-ఏ అనే రేడియో మూలం అది. సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం87 గెలాక్సీ. అది ఆకాశంలో 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుగా నడుస్తుంది. గాదంకి ఉన్నది 13.5 డిగ్రీల దగ్గర. అంటే రోజుకొకసారి విర్గో-ఏ సరిగ్గా నడినెత్తికి డిగ్రీ దూరంలో దాటిపోతుంది. రాడార్ దేన్నీ పంపకుండా చెవి ఒగ్గి కూర్చుంటుంది. భూమి తిరిగే కొద్దీ గెలాక్సీ ఆ మూడు డిగ్రీల వెడల్పు కిరణంలోకి వచ్చి, పన్నెండు నిమిషాల్లో దాటుతుంది. కాగితం మీద గీత మెల్లగా లేచి శిఖరం చేరి మళ్లీ దిగుతుంది. శిఖరం లెక్క ప్రకారం రావాల్సిన వేళకే వస్తే, యాంటెన్నాలన్నీ ఒకే చోటుకు చూస్తున్నట్టు. ముందూ వెనకా అయితే, గీత వెడల్పు పెరిగితే, ఎక్కడో కొన్ని జట్టు తప్పినట్టు.

ఎం87 నడుమనున్న కృష్ణబిలం నీడను 2019 ఏప్రిల్‌లో ప్రపంచమంతా ఫొటోలో చూసి ఆశ్చర్యపోయింది. చిత్తూరు కొండల్లోని మన ఇనుప చేను అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఆ గెలాక్సీని సాక్షిగా పిలిచి తన చూపును సరిచూసుకుంది.

ఈ పరీక్షలో ఒక నీతి ఉంది. యంత్రం ఎంత గొప్పదైనా, తన గురించి తాను చెప్పుకున్నది చాలదు. బయటి సాక్ష్యంతో సరిపోల్చుకోవాలి. శ్రీహరికోట చరిత్రకూ ఈ పద్ధతే కావాలి. ఇప్పటిదాకా ఆ దీవి గురించి సర్కారు కాగితం చెప్పింది, థర్‌స్టన్ చెప్పాడు, ఇస్రో చెప్పింది. సరిపోల్చడానికి యానాదుల మాట కావాలి. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు 5 లక్షలు దాటారు. దీవిలో పుట్టి పెరిగిన తరం ముసలిదైపోయింది. వాళ్లతో పాటు పోయేవి పాత ఊళ్ల పేర్లు, దొరువుల పేర్లు, మందు మొక్కల గుర్తులు.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ఉన్న పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల మాటల్ని రికార్డు చేయాలి. మనవలు, మనవరాళ్ల చేత బొమ్మలు వేయించి, మొక్కలు అతికించి, దీవి పాత పటం గీయించి ఒక పుస్తకంగా కుట్టాలి. తమ కథ తామే చెప్పుకున్న తొలి పుస్తకం అదవుతుంది. 2019లో ప్రారంభమైన రాకెట్ వీక్షణ గ్యాలరీకి వచ్చే వేలాది బడిపిల్లలకు రాకెట్ నమూనాలతో పాటు ఆ పుస్తకాన్నీ చూపించాలి. రాకెట్ గొప్పతనానికి ఇందువల్ల వచ్చే లోటేమీ లేదు.

వెళ్లాలనుకునే వారికి నాలుగు మాటలు. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 2022 దాకా నెల్లూరు జిల్లా. కేంద్రం లోపలికి అనుమతి లేకుండా పోలేం. ప్రయోగాన్ని గ్యాలరీ నుంచి చూడాలంటే ముందే ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. గాదంకి ప్రయోగశాలకూ అనుమతి తప్పనిసరి. సరస్సు మాత్రం అందరిదీ. రాజహంసల కోసం డిసెంబరు, జనవరి మేలు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జరిగేదీ ఆ రోజుల్లోనే. దగ్గర్లోని నేలపట్టులో నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచే దృశ్యం చూడకుండా రాకండి. తీరిక ఉంటే పడవ మీద ఇరకం దీవికి వెళ్లండి. వేనాడు దర్గా చూడండి.

దీవి దాకా వెళ్లినవాళ్లు అందరూ తలెత్తి పైకి చూస్తారు. చూడాల్సిందే. మధ్యమధ్యలో రోడ్డు పక్క సరుగుడు తోపుల నీడలో కట్టెల మోపు దించుకుని కూర్చున్న ముసలామె ఎవరైనా కనబడితే, ఈ ఊరి పాత పేర్లు చెప్పమని అడగండి. ఆకాశం లెక్క ఎటూ రాడార్ రాసుకుంటోంది.